భుజం నొప్పి ఉన్నవాళ్ళకి ఎలాంటి ప్యాడిల్ మంచిది?

ప్రశ్న: ఆస్టిన్‌లో ఉంటాను, లేడీ బర్డ్ లేక్‌లో ప్రతి వీకెండ్ స్టాండప్ ప్యాడిలింగ్ (బోర్డు మీద నిలబడి తెడ్డు వేస్తూ వెళ్ళడం) చేస్తా. బోర్డుతో పాటు వచ్చిన అల్యూమినియం ప్యాడిలే వాడుతున్నా, గంట తిరిగేసరికి కుడి భుజం పట్టేస్తోంది, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నానండి. కార్బన్‌ది కొంటే తగ్గుతుందా?

జవాబు 1: బరువు తగ్గితే హాయే, అల్యూమినియంది కిలో దాకా ఉంటుంది, కార్బన్‌ది దాదాపు అర కిలో. కానీ ముందు చూడాల్సింది బ్లేడ్ (నీళ్ళలో మునిగే వెడల్పాటి భాగం) సైజు. పెద్ద బ్లేడ్ అయితే ఒక్కో లాగుడుకీ ఎక్కువ నీళ్ళు పడుతుంది, ఆ లోడంతా భుజం మీదే. 80-85 చదరపు అంగుళాలది తీసుకోండి, ఎక్కువసార్లు వెయ్యాలి గానీ తేలిగ్గా పోతుంది.

జవాబు 2: నాకూ ఇదే బాధ ఉండేది. గట్టి కార్బన్ షాఫ్ట్ (ప్యాడిల్ కర్ర) వదిలేసి కాస్త వంగే ఫైబర్‌గ్లాస్‌ది తీసుకున్నా, పొడవు కూడా 2 అంగుళాలు తగ్గించా, పై చెయ్యి తల దాటి లేవట్లేదు ఇప్పుడు, చాలా నయం. బ్లేడ్ పాదాల దగ్గరికి రాగానే తీసేయండి, ఇంకా వెనక్కి లాగద్దు. రాత్రి నొప్పి అంటున్నారు కదా, ఫిజియోకి ఒకసారి చూపించుకోండి ప్లీజ్.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండి ఇద్దరికీ. అపాయింట్‌మెంట్ తీసుకుంటా, చిన్న బ్లేడ్‌ది అద్దెకి తీసుకుని చూశాకే కొంటా.