మూడో నెలలో కడుపు పోయింది, చూడ్డానికొచ్చే వాళ్ళకి ఏం జవాబు చెప్పాలి?

పదకొండో వారం స్కానింగ్‌లో బిడ్డ గుండె కొట్టుకోవట్లేదన్నారు. డీ అండ్ సీ (గర్భసంచి శుభ్రం చేసే చిన్న ఆపరేషన్) చేయించుకుని ఇంటికొచ్చి ఇవాళ్టికి 19 రోజులు. ఒంటి నొప్పి తగ్గింది గానీ మాటలు తగ్గట్లేదు. మా పెద్దత్తయ్య వచ్చీ రాగానే "బొప్పాయి గానీ తిన్నావా, స్కూటీ మానెయ్యమంటే విన్నావా" అన్నారు, పక్కింటి ఆంటీ ఏమో "తొందరగా పోయింది నయం, వచ్చే ఏడాదికల్లా ఎత్తుకుంటావులే" అని నవ్వుతూ చెప్పి వెళ్ళింది. మా ఆయన "పెద్దవాళ్ళు, నీ మంచికే అంటారు" అంటున్నారు. రాత్రి పడుకుంటే స్కూటీయే గుర్తొస్తోంది. నిజంగా నా వల్లేనా?

జవాబు 1
కాదమ్మా, ముందు అది మనసులోంచి తీసెయ్. నాకు రెండుసార్లు పోయింది. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో దాదాపు సగం పిండం క్రోమోజోముల్లో తేడా వల్లేనని మా డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది, మామూలుగా స్కూటీ నడిపితేనో మెట్లెక్కితేనో పోదు. మీ డాక్టర్‌ని కూడా అడుగు, ఆవిడ చెప్పింది మీ అత్తయ్యగారి ముందు చెప్పు. "అత్తయ్యా, ఆ సంగతి ఇప్పుడు మాట్లాడలేను" అని లేచి లోపలికి వెళ్ళిపో, తప్పేం కాదు. నేను వెళ్ళలేదు, ప్రతిసారీ కూర్చుని అన్నీ విన్నాను, ఆరేళ్ళయినా అవి మర్చిపోలేదు.

జవాబు 2
నేను మగవాణ్ణి, మీ ఆయన కోసం రాస్తున్నాను. మాకిలాగే జరిగినప్పుడు నేనూ "పోనీలే, మర్చిపో" అన్నాను. ధైర్యం చెబుతున్నానని అనుకున్నాను, తను మాత్రం నెల రోజులు నా ముందు ఏడవడం మానేసింది. తర్వాత నేనే అందరికీ ఫోన్ చేసి, పరామర్శకి రావద్దు, వస్తే కారణాలు అడగొద్దు అని చెప్పాను. ఆ మాట ఆమె చేత చెప్పించకండి సార్.

జవాబు 3
ఉద్యోగం చేస్తుంటే ఒకటి చూసుకోండి, గర్భస్రావానికి ఆరు వారాలు జీతంతో సెలవు 1961 ప్రసూతి చట్టం నుంచీ ఉన్న హక్కు, డాక్టర్ సర్టిఫికెట్ పెట్టాలి. చాలా ఆఫీసుల్లో అడిగితే తప్ప చెప్పరు. రాత్రిళ్ళు మరీ భారంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు.

అడిగినవారు
సెలవు సంగతి నాకు తెలీదండీ, సోమవారం వెళ్దామనుకున్నాను. రెండో జవాబు మా ఆయనకి చూపించాను. ఏమీ అనలేదు, చాలాసేపు ఫోన్ పట్టుకునే కూర్చున్నారు. తర్వాత రేపు వస్తామన్న వాళ్ళకి కాల్ చేసి ఇప్పుడు వద్దని చెప్పారు.