వియ్యం, కయ్యం, ఉజ్జీ: ఒక సినిమా తరువాత ఒక సామెత

పోయిన ఆదివారం విశాఖపట్నం జగదాంబ కూడలి దగ్గర ఒక హాలులో, పిల్లల ప్రేమను ఒప్పుకున్నట్టే ఒప్పుకొని పెళ్ళిపందిట్లో తగాదాకు దిగే ఇద్దరు వియ్యంకుల కథను ఇంటిల్లిపాదీ చూసి వచ్చాము. సినిమా పేరుతో ఇక్కడ పని లేదు, ప్రేక్షకులు దాని గురించి అన్న మాటలే మన చర్చకు పనికివస్తాయి. విశ్రాంతి సమయంలో మా వెనుక వరుసలోని యువకుడు, ప్రేమకథ చూద్దామని వస్తే పెద్దవాళ్ళ గొడవే సరిపోయిందని విసుక్కున్నాడు. అతని పక్కనున్న అమ్మాయి, గొడవే బాగుందనీ, మధ్యమధ్య ప్రేమకథే అడ్డం వస్తున్నదనీ వాదించింది. ఆట ముగిసి మెట్లు దిగుతుండగా ఒక పెద్దావిడ తన కోడలితో, "ఆలిద్దరూ ఇయ్యంకులేటే, కయ్యంకులు గానీ!" అన్నది. ఆ 'కయ్యంకులు' అన్న మాటను పట్టుకొనే మన బృందంలో ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

'కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలి' అనే సామెతను మనవాళ్ళు ఎక్కువగా సంబంధాలు వెతికేటప్పుడు, అందులోనూ ఎదుటివారు తమకంటే ఒక మెట్టు దిగువనున్నారని సూచించదలచినప్పుడు వాడతారు. అందువల్ల కయ్యం గురించిన సగం ప్రాసకోసం తగిలించిన మాటలా మిగిలిపోయింది. కాని వాక్యం కట్టుబడిని చూడండి. 'ఐనా, ఐనా' అని రెండు మార్లు రావడంలో కయ్యం చెడ్డదనీ వియ్యం మంచిదనీ చెప్పే ఉద్దేశం ఏమీ లేదు, రెండింటికీ ఒకే కొలబద్ద పెట్టడమే ఉన్నది. ఉజ్జీ అన్న మాటకు ఉద్ది అన్న రూపం కూడా ఉంది. ఆటలో జోడీగా నిలవదగిన సమబలుడు అని దాని అర్థం. చెడుగుడుకు జట్లు కట్టేటప్పుడు ఎత్తూ బలమూ చూసి ఇద్దరిద్దరిని విడదీసినా, సంక్రాంతి బరిలో పుంజుకు ఎదురు పుంజును చూసినా ఉజ్జీ చూడడమే అంటారు. అంటే సామెత మన పెళ్ళిచూపులకు కొలమానాన్ని ఆటస్థలం నుంచీ బరి నుంచీ తెచ్చుకున్నది. కయ్యం అక్కడ ముందునుంచీ ఉన్నదే.

సినిమా విషయంలో ప్రేక్షకులకు కలిగిన అసంతృప్తిని నేను ఈ మాటతోనే అర్థం చేసుకున్నాను. మొదటి సగంలో పడవల యజమానియైన పెళ్ళికొడుకు తండ్రి ఒక మాట అంటే, బడిపంతులైన పెళ్ళికూతురి తండ్రి రెండు అంటాడు, హాలంతా నవ్వుతుంది. రెండవ సగంలో ఆ పంతులుగారి చేత అకారణంగా తల దింపించారు, అక్కడినుంచి ఎదుటివాడు అరుస్తూనే ఉంటాడు, ఈయన కళ్ళు తుడుచుకుంటూనే ఉంటాడు. బంధువులు కావలసినవారు ఇలా కొట్టుకోవడమేమిటని కొందరు తప్పుపట్టారు గాని, నా దృష్టిలో కొట్టుకోవడం తప్పు కాదు, ఉజ్జీ చెడగొట్టడమే తప్పు. 'వియ్యాలవారి కయ్యాలు' అనే పేరుతో 1979లో ఒకటి, 2007లో ఒకటి సినిమాలు వచ్చాయంటే, ఆ రెండు మాటల జంట మన చెవికి ఎంత అలవాటైనదో తెలుస్తూనే ఉంది.

ఈ సామెతకు మూలం నన్నయ పద్యమని తరచు వింటుంటాము. ఆదిపర్వంలో చిన్ననాటి స్నేహితుణ్ణని చెప్పుకుంటూ వచ్చిన ద్రోణుడితో ద్రుపదుడు అనే మాట అది:

సమశీలశ్రుతయుతులకు
సమధనవంతులకు సమసుచారిత్రులకుం
దమలో సఖ్యమును వివా
హము నగుఁ గా కగునె రెండు నసమానులకున్

పద్యంలో ఉన్న రెండు మాటలు సఖ్యం, వివాహం. తెలుగు చేస్తే నెయ్యం, వియ్యం అవుతాయి. స్నేహానికి వికృతియే కదా నెయ్యం. కయ్యం ఈ పద్యంలో ఎక్కడా లేదు. నెయ్యం ఉండవలసిన చోట సామెతలో కయ్యం ఎలా కూర్చున్నదన్నది నాకు మొదటినుంచీ ఆసక్తిగా ఉన్న విషయం. ప్రాస ఒక్కటే కారణమైతే నెయ్యమే చాలును, దానిలోనూ యకారద్విత్వం ఉంది. కథను కొంచెం ముందుకు చదివితే నాకు వేరే సమాధానం తోచింది. నెయ్యం కాదన్న ద్రుపదుడికి ఎదురైనది కయ్యమే. ద్రోణుడి శిష్యుడైన అర్జునుడు అతన్ని యుద్ధంలో పట్టి తెచ్చి గురుదక్షిణగా అప్పగించాడు. ఓడిన ద్రుపదుడు, తనను ఓడించిన ఆ అర్జునుడినే అల్లుడుగా కోరి, ద్రోణుణ్ణి చంపగల కొడుకుతోపాటు కూతురినీ యజ్ఞం చేసి పొందాడు. కయ్యంలో ఉజ్జీ అని తేలినవాడే వియ్యానికి తగినవాడుగా కనిపించాడన్న మాట. నన్నయ పద్యం చెప్పనిదాన్ని నన్నయ చెప్పిన కథ చెప్పింది, సామెత కట్టినవారు పద్యాన్ని గాక కథను గుర్తుపెట్టుకున్నారని నా నమ్మకం. ప్రాచీన కావ్యాలలో కయ్యమంటే యుద్ధమే గాని వంటింటి జగడం కాదన్న సంగతి కూడా దీనికి బలం చేకూరుస్తుంది.

ఇక వియ్యంకుల పిలుపుల దగ్గర సినిమా నన్ను నిజంగా నిరాశపరచింది. తెలుగువారిలో వియ్యంకులు ఒకరినొకరు 'బావగారూ' అనీ, వియ్యపురాళ్ళు 'వదినగారూ' అనీ, పెళ్ళికొడుకు తల్లి పెళ్ళికూతురి తండ్రిని 'అన్నయ్యగారూ' అనీ పిలుచుకోవడం అందరికీ తెలిసినదే. దీని వెనుక మేనరికం ఉంది. మేనమామ కూతురిని చేసుకుంటే, పెళ్ళికూతురి తండ్రి పెళ్ళికొడుకు తల్లికి స్వయంగా అన్నో తమ్ముడో అవుతాడు, తండ్రులిద్దరూ బావాబావమరుదులు అవుతారు, తల్లులిద్దరూ వదినామరదళ్ళు అవుతారు. ఏ చుట్టరికమూ లేని రెండు ఇళ్ళు కలిసినప్పుడు కూడా భాష పాత మేనరికపు వరుసలనే వాళ్ళకు అంటగట్టి, మీరు ఇవాళ కొత్తగా కలవలేదు, తరాలనుంచీ ఒకటేనన్నట్టు మాట్లాడిస్తుంది. పైగా బావాబావమరుదులకు పరస్పరం ఎకసెక్కమాడే హక్కు ఎప్పటినుంచో ఉంది. ఆ హక్కు కూడా పిలుపుతోపాటే వస్తుంది.

అందుకనే వియ్యాలవారి కయ్యంలో రుచి అంతా 'గారు'లో ఉంటుంది. మా అక్క కూతురి పెళ్ళిలో, విడిదికి కాఫీ అరగంట ఆలస్యంగా వెళ్ళినప్పుడు పెళ్ళికొడుకు తండ్రి గ్లాసు అందుకొని, ఒక్క గుక్క తాగి, మీసం మీది నురగ తుడుచుకొని, "బావగారూ, మీ కాఫీ చల్లగా బాగుందండీ" అన్నారు. మా బావ తడుముకోకుండా, "వేడిగా ఇస్తే తమరు చల్లబడేదాకా ఆగాలి కదా అని మేమే ఆగామండి బావగారూ" అన్నాడు. ఇద్దరూ నవ్వలేదు, చుట్టూ ఉన్నవాళ్ళం నవ్వాము. ఈ సినిమాలో వియ్యంకులు ఒకరినొకరు మొదట 'సార్' అనీ, కోపం వస్తే 'నువ్వు' అనీ అంటారు. గౌరవవాచకాన్ని వదలకుండా తిట్టడంలో ఉన్న కష్టాన్నే రచయిత తప్పించుకున్నప్పుడు హాస్యం ఎక్కడినుంచి వస్తుంది?

అనకాపల్లి నుంచి ఒక సభ్యురాలి జవాబు:

నన్నయ పద్యం గురించి మీరన్నది ఆలోచించదగినదే గాని, సామెత ఆ కథనుంచే పుట్టిందనడానికి నేను ఒప్పుకోను. పద్యం చదవనివారి నోట కూడా ఈ సామెత ఉంటుంది కదండీ. బరి నుంచి వచ్చిందని మీరే ముందు చెప్పి, తరువాత భారతానికి ముడిపెట్టారు. నాకు మొదటిదే సబబుగా తోస్తున్నది. ఇంకొక సందేహం. ఆ పెద్దావిడ అన్న 'కయ్యంకుడు' సరదాకు బాగుంది, మరి స్త్రీలింగ రూపం ఏమిటి? సినిమాలో అసలు పోట్లాడింది ఆడవాళ్ళే. వంటల దగ్గర, చీరల దగ్గర వాళ్ళిద్దరి మధ్య నడిచిన మాటల యుద్ధం మీకు గుర్తులేకపోవడం విచిత్రం.

దానికి నా మలిమాట:

మీ మొదటి అభ్యంతరాన్ని సగం ఒప్పుకుంటున్నాను. భారతకథ మన పల్లెల్లోకి పుస్తకంగా కంటే హరికథగా, తోలుబొమ్మలాటగా ఎక్కువ వెళ్ళిందనీ, పద్యం రానివారికి కథ రాకపోదనీ మాత్రం గుర్తుచేస్తాను. రెండవ సందేహానికి వ్యాకరణం చక్కగా దారి చూపుతుంది. వియ్యపురాలు అన్న మాటలో వియ్యములోని ము వర్ణం, సరసపు మాటలో వలెనే, పు అయింది. దానిమీద ఆలు చేరేటప్పుడు పేదరాలు, మనుమరాలులో వచ్చినట్టే రకారం వచ్చింది. ఆ అచ్చులోనే పోస్తే 'కయ్యపురాలు' తప్పకుండా వస్తుంది, పలకడానికీ బాగుంది. వాడుకలో కయ్యాలమారి ఉన్నమాట నిజమే గాని, అది ఎవరితోనైనా తగవు పెట్టుకునే మనిషి. కయ్యంకుడు, కయ్యపురాలు అనేవి మాత్రం వియ్యంకుడి వలెనే ఎదుట ఇంకొకరు ఉంటే తప్ప నిలవని మాటలు. ఒంటరిగా ఎవరూ వియ్యంకుడు కాలేరు కదా. ఆ పెద్దావిడ తెలిసి అన్నదో తెలియక అన్నదో గాని, ఉజ్జీ అన్న భావాన్ని ఒక్క మాటలో పెట్టింది. ఆడవాళ్ళ పోరు నేను మరచిపోలేదండి. వాళ్ళిద్దరూ చివరిదాకా 'వదినగారూ' అన్న పిలుపును వదలలేదు, చీర అంచు నాణ్యం మీద నడిచిన ఆ పది నిమిషాలూ సినిమాకు ప్రాణం. అది రాయకపోవడం నా లోపమే.

పొరుగుభాషలలో తమిళుల సంబంధి, హిందీవారి సమధీ, ఒడియావారి సముది ఒక కుదురు మాటలే. కన్నడిగులు బీగరు అంటారు. ఒడిశా సరిహద్దునున్న ఇచ్ఛాపురం, సోంపేట ప్రాంతాల సభ్యులు తెలుగూ ఒడియా రెండూ వింటూ పెరిగినవారు గనుక ఒక సంగతి చెప్పాలి. మీ వైపు ఇళ్ళలో ఇయ్యంకులు ఒకరినొకరు బావ అనే పిలుచుకుంటారా, లేక ఒడియా ప్రభావంతో వేరే పిలుపు ఏదైనా ఉన్నదా? మగపెళ్ళివారి పిలుపు, ఆడపెళ్ళివారి పిలుపు వేరువేరుగా రాస్తే మేలు.