అప్‌డేట్: తిరుపతి ఎండలో మినియేచర్లకి రంగులు, రెండు సమస్యలూ తీరాయి

మన తిరుపతి ఎండకి మినియేచర్లకి, అంటే చిట్టి బొమ్మలకి, వేసే ఆక్రిలిక్ రంగు పాలెట్ (రంగులు కలిపే పలక) మీదే గట్టిపడిపోతోందని, స్ప్రే ప్రైమర్ (రంగులకి ముందు కొట్టే అడుగు పూత) కొడితే బొమ్మ ఇసుక చల్లినట్టు గరుగ్గా వస్తోందని ఎండాకాలంలో అడిగాను కదా. సలహాలు చెప్పినవాళ్లందరికీ పేరుపేరునా థ్యాంక్స్.

తడి పాలెట్ అద్భుతంగా పనిచేస్తోంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అడుగున తడిపిన స్పాంజి, పైన బేకింగ్ పేపరు, అంతే. రాత్రి కలిపిన రంగు పొద్దున కూడా మెత్తగానే ఉంటోంది. మెటాలిక్ రంగులు మాత్రం దాని మీద పెట్టకండి. మెరుపు రేణువులు తడితో పాటు పాకి పక్క రంగుల్లో కలుస్తాయి. వాటికి విడిగా ఒక పింగాణీ సాసర్ పెట్టుకున్నా.

ఇక ప్రైమర్. వేడిగాలికి తుంపరలు బొమ్మని తాకేలోపే ఆరిపోతున్నాయి, గరుకుకి కారణం అదే. ఇప్పుడు తెల్లవారుజామునే మిద్దెపైకెళ్లి, జానెడు దూరం నుంచి పల్చగా కొడుతున్నా. వానలు పట్టినప్పుడు బ్రష్‌తో పూసే ప్రైమరే మేలు. గరుకైన పాత మెటల్ బొమ్మల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలావరకు శుభ్రపడ్డాయి.

అన్నిటికన్నా నచ్చింది, కళ్లు ముందే వేసేయమన్న మాట. 28 మిల్లీమీటర్ల మనిషి బొమ్మలో కన్నంటే సూదిమొనంత. చుట్టూ చర్మం రంగు తర్వాత వేస్తే, కంటి అంచు దానంతటదే సరిగ్గా కుదురుతోంది. నా మాంత్రికురాలి బొమ్మ చూపులో ఇప్పుడు కోపం తెలుస్తోంది!

తర్వాతది డ్రాగన్. రెక్కల పొరకి వాష్ (గాడుల్లోకి దిగే పల్చటి రంగు) ముందా, డ్రై బ్రష్ (దాదాపు ఆరిన బ్రష్‌తో ఉబ్బెత్తు భాగాల మీద తేలిగ్గా రుద్దడం) ముందా? మీరెలా చేస్తారో చెప్పండి.