పర్లాకిమిడి శివారులో 12 ఇళ్లు కట్టాలి: ముందు ఏ పని, తర్వాత ఏ పని?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. ఊరి శివార్లో మా తాతగారి భూమి 1 ఎకరా 10 సెంట్లు ఉంది. నాన్నగారు, ఇద్దరు బాబాయిలు కలిసి అందులో 12 ఇళ్లు కట్టి, నాలుగు ఉంచుకుని ఎనిమిది అమ్మాలనుకుంటున్నారు. పని చూసుకునే బాధ్యత నా మీద పెట్టారు. నేను దుకాణం లెక్కలు చూసేవాడిని, కట్టుబడి పని ఎప్పుడూ చూడలేదు. మాట్లాడిన కాంట్రాక్టరు దసరా వెళ్లగానే 12 పునాదులూ ఒకేసారి తవ్వేద్దాం, రోడ్డూ కాలువా చివర్లో చూసుకోవచ్చు అంటున్నాడు. ఇప్పుడే అడ్వాన్సులు పుచ్చుకుంటే డబ్బుకి ఇబ్బంది ఉండదని చిన్న బాబాయి అంటున్నారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. దేని తర్వాత ఏది చెయ్యాలో చెప్పండి.

జవాబు (రాయగడ నుంచి, భూమి కాగితాల పని చేసే ఆవిడ)

తమ్ముడూ, పునాది మాట తర్వాత. ముందు పట్టా తీసి చూడు. ఎవరి పేరు మీద ఉంది? తాతగారి పేరే ఉంటే వారసులందరి పేర్లతో మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, కావాలి. అందరూ అంటే మీ అత్తయ్యలు కూడా. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా హక్కు ఉంది. అత్తయ్యలు పెళ్లయి ఆంధ్రా వైపు వెళ్లిపోయినా వాళ్ల సంతకం లేకుండా ఎనిమిది ఇళ్లు అమ్మితే, రేపు కొన్నవాళ్లు మీ గుమ్మం ముందు నిలబడతారు.

తర్వాత పట్టాలో 'కిసం', అంటే భూమి రకం, అనే గడి చూడు. శారద అని ఉంటే అది వరి భూమి. దాన్ని ఘరబారిగా, అంటే ఇళ్ల స్థలంగా, మార్చమని ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద తహశీల్దారుకి దరఖాస్తు పెట్టాలి. కాగితాల్లో డిసిమిల్ అని కనిపిస్తే కంగారు పడకు. డిసిమిల్ అన్నా సెంటు అన్నా ఒకటే, 435.6 చదరపు అడుగులు.

ఇక అడ్వాన్సు సంగతి. ఇళ్లు కట్టి అమ్మేవాళ్లకి వర్తించే 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో 500 చదరపు మీటర్లు మించని స్థలానికి, లేదా 8 ఇళ్లు మించని కట్టుబడికి రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది. మీది రెండూ దాటింది. స్థలమే సుమారు 4,450 చదరపు మీటర్లు. ఈ ఏడాది ఆరు, పై ఏడాది ఆరు అని విడదీసినా లెక్క మొత్తం కలిపే చూస్తారు. ఒడిశా రెరాలో నమోదు కాకుండా బోర్డు పెట్టడం, బుకింగ్ తీసుకోవడం రెండూ తప్పే. జరిమానా ప్రాజెక్టు అంచనా ఖర్చులో 10 శాతం దాకా ఉండొచ్చు. నమోదయ్యాక కూడా రిజిస్టరైన ఒప్పందం లేకుండా ఇంటి ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. వచ్చిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. పని ఎంతవరకు అయిందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ రాసిస్తే అంతమేరకే తీయాలి. బాబాయిగారికి ఈ మాట మెల్లగా, కానీ తప్పకుండా చెప్పు.

జవాబు (బరంపురం నుంచి, రిటైరైన జూనియర్ ఇంజినీరు)

బాబూ, అమ్మాయి కాగితాల సంగతి చక్కగా చెప్పింది. నేను నీళ్ల గురించి చెబుతాను.

రోడ్డు, కాలువ చివర్లో అన్నాడు చూశావా, ఆ మాట ఒప్పుకోకు. ముందు ఇళ్లు లేచి తర్వాత రోడ్డు పడితే, రోడ్డు ఎప్పుడూ అనుకున్నదానికంటే ఎత్తే అవుతుంది. బేస్‌మెంట్లు, అంటే ఇంటి అరుగు ఎత్తు, రోడ్డు కంటే కిందికి పోతాయి. ఆ తర్వాత ప్రతి వానకీ నీళ్లు గుమ్మం ఎక్కుతాయి. 2013లో ఫైలిన్ తుపానుకి మా గంజాం జిల్లా, 2018లో తిత్లీ తుపానుకి మీ గజపతి జిల్లా ఎలా మునిగాయో మనం కళ్లారా చూసినవాళ్లమే. అప్పటి నీటి గుర్తు మీ పొలంలో ఎక్కడి దాకా వచ్చిందో పక్క రైతుల్ని అడుగు. వాళ్లకి బాగా గుర్తుంటుంది.

ఇప్పుడు వానాకాలమే కాబట్టి నీకు మంచి అవకాశం. పెద్ద వాన పడుతుండగానే గొడుగేసుకుని వెళ్లు. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, ఎటు పోతున్నాయి అన్నది కాగితం మీద గీసుకో. తర్వాత సర్వేయర్‌ని పిలిచి లెవెల్స్, అంటే నేల ఎత్తుపల్లాల కొలతలు, తీయించు. నీళ్లు బయటికి పోయే చోటు లెవెల్ ముందు తేలాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ కాలువ, దాని మీద రోడ్డు, దాని మీద బేస్‌మెంట్ లెవెల్ వస్తాయి. కాలువకి 100 అడుగులకు ఆరు అంగుళాల వాలైనా ఇవ్వు. బేస్‌మెంట్ పూర్తయిన రోడ్డు కంటే ఒకటిన్నర అడుగు తగ్గకూడదు. నేనైతే రెండడుగులు పెడతాను. ఈ లెవెల్ ఒక సిమెంటు దిమ్మె మీద రంగుతో రాయించి, పని అయ్యేదాకా దాన్ని ఎవరూ కదపకుండా చూడు.

మట్టి నింపేటప్పుడు ఒక్కసారి లారీలతో పోసి వదిలేయనివ్వకు. ఆరంగుళాల చొప్పున పరిచి, తడిపి, రోలర్ తొక్కించాలి.

జవాబు (గుణుపురం నుంచి)

అన్నయ్యా, మాది ఇలాంటి లేఅవుట్లోనే కొన్న ఇల్లు. ఇంజినీరు గారు చెప్పినట్టే జరిగింది. మాకు అమ్మినాయన రోడ్డు రెండేళ్ల తర్వాత వేశాడు. ఇప్పుడు మా వరండా రోడ్డుకి నాలుగంగుళాలు కింద ఉంది. మా అమ్మ వాన పడితే గుమ్మంలో గోనె సంచులు పెట్టుకుని కూర్చుంటుంది. మీరు అమ్మబోయే ఎనిమిది ఇళ్లలోనూ ఇలాంటి అమ్మలే ఉంటారు, దయచేసి గుర్తుపెట్టుకోండి. ఒక్క మాట మాత్రం నాది వేరు. అన్నిటికంటే ముందు ఒక ఇల్లు పూర్తిగా కట్టండి. ఖర్చు అసలు ఎంతవుతుందో, మేస్త్రి చేతి పని ఎలాంటిదో దాంతో తెలిసిపోతుంది.

జవాబు (బరంపురం ఇంజినీరు)

ఈ బాబు మాటకి ఒప్పుకుంటాను, కాలువ పడ్డాక అయితే. మిగిలిన పదకొండూ కూడా ఒకేసారి వద్దు. మూడు నాలుగు చొప్పున, ఒక జట్టు పునాది నుంచి గోడలకి వెళ్తుంటే ఇంకో జట్టు తర్వాతి పునాదులకి వచ్చేట్టు పెట్టుకో. స్లాబు పోసేటప్పుడు కింద పెట్టే సెంట్రింగ్ చెక్కలూ కర్రలూ ఒక సెట్టే తిరుగుతుంది. తీయడానికి తొందరపడనివ్వకు. కాంక్రీటు పనికి ఉన్న ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం, గోడ నుంచి గోడకి 4.5 మీటర్ల లోపు ఉన్న స్లాబుకి కర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. ఆ లెక్క ఓపీసీ (మామూలు) సిమెంటుకి. ఇప్పుడు ఎక్కువమంది వాడేది బూడిద లాంటివి కలిపిన, మెల్లగా గట్టిపడే పీపీసీ కాబట్టి నేను చిన్న స్లాబుకీ 14 రోజులు ఆగమంటాను. నీళ్లు కొట్టడం పీపీసీకి 10 రోజులు తగ్గకూడదు. ప్రతి స్లాబు కాంక్రీటుతోనూ క్యూబులు (చిన్న నమూనా దిమ్మెలు) పోయించి, 28 రోజులకి వాటి బలం పరీక్ష దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో చేయించు.

నాట్లప్పుడు, కోతలప్పుడు కూలీలు పొలాలకి పోతారు. మా గంజాం కుర్రాళ్లు చాలామంది సూరత్‌లోనే ఉంటారు. పండక్కి వచ్చినా నిలవరు. అందుకని నువ్వు వేసుకున్న గడువుకి ముందే మూడు నాలుగు నెలలు కలుపుకో. డబ్బు తేదీ ప్రకారం ఇవ్వకు, కొలిచిన పనికే ఇవ్వు. ప్రతి బిల్లులోనూ 5 శాతం ఆపి, ఒక వానాకాలం గడిచాక చెల్లిస్తానని ఒప్పందంలో రాయించు. కట్టుబడి లోపాలకి ఇల్లు అప్పగించిన తర్వాత ఐదేళ్ల దాకా మీ కుటుంబమే బాధ్యత వహించాలి, చట్టం అలా చెబుతోంది.

ప్రశ్న అడిగినవారు, పది రోజుల తర్వాత

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. మొన్న వానలో నాన్నగారిని తీసుకుని వెళ్లాను. నీళ్లన్నీ ఈశాన్యం మూల చేరి పక్కవారి గట్టు మీదుగా మహేంద్రతనయ నది వైపు పోతున్నాయి. అంటే మా కాలువకి వాళ్ల భూమిలోంచే దారి కావాలి. వాళ్లు సవర ఆదివాసీ కుటుంబం. నాలుగు సెంట్లు ఇస్తామంటున్నారు. రాయించుకోవచ్చా అక్కా?

జవాబు (రాయగడ)

ఊరికే రాయించుకోకు తమ్ముడూ. మా రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, అంటే ఆదివాసీల రక్షణకి ప్రత్యేక చట్టాలున్న ప్రాంతం. ఇక్కడైతే ఆదివాసీ భూమి ఆదివాసీ కానివాళ్లకి అమ్మడానికే లేదు. మీ ప్లాటు షెడ్యూల్డ్ ఏరియాలో ఉందో లేదో ముందు తహశీల్ ఆఫీసులో రూఢి చేసుకో. లేకపోయినా ముందు చెప్పిన భూసంస్కరణల చట్టంలోనే 22వ సెక్షన్ కింద రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి తప్పనిసరి. అది లేని రిజిస్ట్రేషన్ చెల్లదు. వాళ్లకి న్యాయమైన ధర ఇవ్వు, అంతా ఆఫీసులోనే జరగనివ్వు. అనుమతి ఆలస్యమైతే రోడ్డు పక్క ప్రభుత్వ కాలువలోకి కలపడానికి లెవెల్ దొరుకుతుందేమో సర్వేయర్‌ని అడుగు.

ప్రశ్న అడిగినవారు

రోడ్డు వైపు సోమవారం లెవెల్స్ తీయిస్తున్నాను. కాంట్రాక్టరుకి దసరాకి పునాదులు లేవని చెప్పేశాను. పాతపట్నంలో ఉన్న పెద్దత్తయ్య దగ్గరికి ఆదివారం నాన్నగారు, బాబాయిలు కలిసి వెళ్తున్నారు. ఇన్నాళ్లూ తనని అడగకుండా మాట్లాడుకున్నందుకు నాన్నగారు చాలా బాధపడ్డారు. లెవెల్స్ కాగితం రాగానే ఇక్కడ పెడతాను, ఇంజినీరు గారు ఒకసారి చూడండి.