ఉప్పాడ తీరం రాడార్ చిత్రాల్లో: గీత జరిగితే కోత అనొచ్చా?

కడలిగట్టు:
అందరికీ నమస్కారం. కాకినాడలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ప్రాజెక్టుకి ఉప్పాడ తీరం కోత తీసుకున్నాను. వానాకాలంలో మబ్బుల వల్ల మామూలు ఉపగ్రహ చిత్రాలు పనికిరాక సెంటినెల్-1 ఉపగ్రహం తీసిన రాడార్ చిత్రాలు దించుకున్నాను. వీవీ రకం (తరంగాన్ని నిలువుగా పంపి నిలువుగానే అందుకునేది), పిక్సెల్ 10 మీటర్లు. నీళ్లు నల్లగా, నేల తెల్లగా ఉంటాయి, మధ్యలో గీత గీస్తే సరిపోతుందన్నారు. తీరా చూస్తే జూలై చిత్రంలో సముద్రం కూడా నేలంత తెల్లగా ఉంది. ఆట్సు పద్ధతిలో (నలుపునీ తెలుపునీ ఎక్కడ విడదీయాలో కంప్యూటరే లెక్కగట్టేది) వచ్చిన హద్దు ఎక్కడో నీళ్ల మధ్య పడింది. ఇంకో చిక్కు: మార్చి గీతకీ నవంబరు గీతకీ కొన్నిచోట్ల మూడు పిక్సెళ్ల తేడా. గైడ్ గారు 30 మీటర్ల కోత అని రాసెయ్యమంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

పోటుపాటు:
రాయకు తమ్ముడూ.

తెల్ల సముద్రం సంగతి తేలికే. రాడార్ పక్కవాటుగా చూస్తుంది. నీరు నున్నగా ఉంటే తరంగం అటే జారిపోతుంది, చిత్రంలో నలుపు. సెంటినెల్ తరంగం పొడవు ఐదున్నర సెంటీమీటర్లు కాబట్టి గాలికి లేచే చిన్న చిన్న అలలు కూడా దాన్ని వెనక్కి కొడతాయి. జూలైలో గాలి ఎలా ఉంటుందో కాకినాడలో ఉండే నీకు చెప్పాలా? వీహెచ్ (నిలువుగా పంపి అడ్డంగా అందుకునేది) చూడు, గాలి గోల అందులో బాగా తక్కువ. ఆట్సు కూడా చిత్రం మొత్తం మీద కాదు, తీరానికి అటూ ఇటూ ఒక కిలోమీటరు పట్టీ కత్తిరించి వెయ్యి.

అసలు పేచీ రెండోది. వాలు 30కి 1 ఉన్న ఇసుక మీద నీరు మీటరు ఎక్కితే గీత 30 మీటర్లు లోపలికి జరుగుతుంది. ఇసుక రేణువు కదలకుండానే నీ మూడు పిక్సెళ్లూ వచ్చేశాయి! పైగా మన తూర్పు తీరంలో సముద్రమట్టమే మార్చి, ఏప్రిల్‌లో దిగి అక్టోబరు, నవంబరులో లేస్తుంది. ఇంత అన్యాయమైన జత వెతికినా దొరకదు.

నీ చిత్రాల టైమ్ చూడు, పొద్దున ఆరో సాయంత్రం ఆరో, ఆ ప్రాంతంలో ఉంటుంది. ఉపగ్రహం అదే దారికి 12 రోజులకోసారి, అదే వేళకి వస్తుంది. పోటు మాత్రం రోజుకి 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. అందుకని చిత్రాల్ని తిథిని బట్టి జతకట్టు: ఏటా అదే నెల, దగ్గర దగ్గరగా అదే తిథి. వేటకెళ్లేవాళ్లనడిగితే ఫలానా తిథికి ఆ వేళ నీరెక్కడుంటుందో అక్కడికక్కడే చెబుతారు. తర్వాత పోటు పట్టికతో సరిచూసుకో.

జాంధానీ:
మాది ఉప్పాడే. రాడార్ సంగతి నాకు తెలీదు గానీ ఒక్క మాట బాబూ. రాళ్ల గట్టు వేసినచోట మీ గీత కదలదు. అక్కడ కోత లేదని మాత్రం రాయకండి. గట్టు ముందున్న ఇసుక పోయింది, నీళ్లొచ్చి నేరుగా రాళ్లకే కొడుతున్నాయి.

పోటుపాటు:
ఇది పై నుంచి చూసేవాళ్లకి తట్టని మాట. తమ్ముడూ, గట్టున్న భాగాన్ని మ్యాపులో వేరే రంగుతో చూపించు. పోర్టు కట్టడాలు రాడార్‌లో బాగా మెరుస్తాయి, కదలవు కూడా. రెండు చిత్రాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో వాటితో చూసుకో.

కొల్లేటికొంగ:
మా కొల్లేట్లో పోటు బెడద లేదు, గుర్రపుడెక్క బెడద ఉంది. నీటి మీద ఆకు పరుచుకుంటే రాడార్‌కి అదీ నేలే. చేపల చెరువుల గట్లు సన్నం, చిత్రంలో చుక్కల గోల తగ్గించే ఫిల్టరు కాస్త గట్టిగా వేస్తే మాయమవుతాయి. సరస్సు అంచేదో చెరువు అంచేదో తేల్చుకోలేక జుట్టు పీక్కోవాలి.

కడలిగట్టు:
థాంక్స్ అన్నా. కోరంగి వైపు కూడా గీత పొడిగించనా?

పోటుపాటు:
వద్దు. హోప్ ఐలాండ్ లోపలివైపంతా బురద. తడిసి నున్నగా ఉన్న బురద నీటిలాగే నల్లగా పడుతుంది, నీళ్లలో నిలబడ్డ మడచెట్లు తెల్లగా పడతాయి. రెండూ నిన్ను మోసం చేస్తాయి. ఉప్పాడ దగ్గరే ఆగు.

గైడ్ గారికి చూపించేటప్పుడు గీత పక్కన అది ఎంతవరకు తప్పొచ్చో కూడా రాయి: ఒక పిక్సెల్, దానికి తోడు వాలు లెక్కన పోటు వల్ల వచ్చేది. తేడా ఆ రెంటినీ దాటినచోటే కోత అను. ఆ వాలు నువ్వే కొలవాలి. పాటు వేళ చూసుకుని టేపూ, తాపీ మేస్త్రీలు మట్టం చూడ్డానికి వాడే నీళ్ల పైపూ పట్టుకెళ్లు. పైపుకి రెండో కొస పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి.