ఒక్కదానికే డబ్బుంటే గబ్బిలానికా, బాతుకా?

బెజవాడ_బైనాక్యులర్: కోలారు గబ్బిలం కర్ణాటకలో హనుమనహళ్లి దగ్గర ఒకే ఒక్క గుహలో మిగిలింది, రెండొందల లోపే. తెల్లరెక్కల అడవి బాతు అస్సాం రాష్ట్ర పక్షి. మయన్మార్, సుమత్రాల్లో కూడా ఉంది కానీ, అన్నిచోట్లా కలిపినా వెయ్యి లోపే. ఒక్కదానికే డబ్బిచ్చేటట్టయితే నా ఓటు గబ్బిలానికి.

గుంటూరు_శారద: బాతుకే ఇవ్వాలండీ. దానికి అడవి మధ్య నీడపట్టు మడుగులు, గూటికి పెద్ద చెట్ల తొర్రలు కావాలి. అస్సాంలోని నామేరి అడవిలో వాటిని కాపాడితే ఆ నీళ్లమీద బతికేవన్నీ బాగుపడతాయి. గుహను కాపాడితే ఏమొస్తుంది, గుహే కదా!

బెజవాడ_బైనాక్యులర్: అడవికి పులి పేరు చెప్పో, ఏనుగు పేరు చెప్పో డబ్బొస్తుంది శారదగారూ. ఇంట్లో దూరితే అరిష్టం అనుకునే జీవికి ఎవరిస్తారు? 2022 సవరణ దాకా మన వన్యప్రాణి చట్టమే పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలు, కాకులతో కలిపి చీడ జాబితాలో పెట్టింది. పైగా బాతు ఒక్క విడతలో పది గుడ్లు పెట్టగలదు. ఇలాంటి గబ్బిలాలు ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి.

పటమట_పిల్లోడు: అన్నా, నిఫా సంగతేంటి? గబ్బిలం అంటేనే మా ఇంట్లో టెన్షన్.

బెజవాడ_బైనాక్యులర్: నిఫా పండ్లు తినే పెద్ద గబ్బిలాలతో వచ్చేది తమ్ముడూ. ఇది పురుగులు తినే చిన్నది. దాని గుహలోకి నువ్వు వెళ్లకపోతే చాలు.

గుంటూరు_శారద: పది గుడ్లు పెడితే సరిపోతుందా? పెట్టడానికి తొర్ర ఉండొద్దూ! ఇంగ్లండ్‌లో స్లింబ్రిడ్జ్ అనే పక్షుల కేంద్రంలో వీటిని పెంచారు. దగ్గర రక్తసంబంధం ఉన్నవే జతకట్టి, క్షయ పట్టుకుని అవస్థ పడ్డాయి. అడవి పోయాక పెంపకంతో నెట్టుకు రాలేం. ఇక మీ గబ్బిలం ఒకటే గుహలో ఉంది. ఒక్క రోగం చాలు, పెట్టిన డబ్బంతా పోతుంది.

బెజవాడ_బైనాక్యులర్: అందుకే ముందు దానికి అంటున్నా. తేరహళ్లి గుహలో కూడా ఉండేవి, ఇప్పుడు లేవు. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్లు సర్వే చేస్తే హనుమనహళ్లి గుహ ఒక్కటే తేలింది. ఆ చుట్టుపక్కల గ్రానైట్ తవ్వకాలు జరిగాయి. బాతుకు కొన్ని దేశాల్లో అడవి కాపాడాలి, ఇక్కడ ఒక గుట్ట. ఎవరైనా లోపలికి దూరకుండా ఊరివాళ్లకే జీతమిచ్చి కాపలా పెట్టొచ్చు.

గుంటూరు_శారద: ఖర్చు తక్కువన్న మాట ఒప్పుకుంటా. కానీ తక్కువలో అయ్యే పనే ముందు చేయాలంటే, అడవి వంతు ఎప్పుడొస్తుందండీ?