చపాతీ కాల్చిన పెనం మీద సిలియాక్ ఉన్న పాపకు దోసె వేయవచ్చునా?

కొత్తపెనం: మా తొమ్మిదేళ్ళ పాపకు సిలియాక్ వ్యాధి, అంటే గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు, అని తేలి ఎనిమిది నెలలైంది. గోధుమ పూర్తిగా మాన్పించినా, ఈ జబ్బుకు చేసే టీటీజీ రక్తపరీక్షలో విలువ తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగింది. మా అత్తగారు చపాతీలు కాల్చిన ఇనుప పెనాన్నే గుడ్డతో తుడిచి పాపకు దోసె వేస్తారు. ఇంటిల్లిపాదీ గోధుమ మానాలా, పెనం వేరు చేస్తే చాలునా?

గోదావరిగట్టు: అంతగా కాలిన పెనం మీద పిండి ఎక్కడ మిగులుతుందండీ? మా అమ్మగారు నలభై ఏళ్ళు ఒకే పెనం మీద పదిమందికి వండి పెట్టారు.

పిండిమర: ఆ పదిమందిలో సిలియాక్ ఎవరికి ఉందో మీరు చెప్పలేదు. గ్లూటెన్ క్రిమి కాదు, వేడికి చావడానికి, అది మాంసకృత్తు. గ్లూటెన్ రహితమని అమ్మే ఆహారంలో అది కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశ నిబంధన, అంటే చిటికెడు పొడిపిండి కూడా ఎక్కువే. స్టీలు గిన్నెలను సబ్బుతో తోమితే సరిపోతుంది గానీ, ఇనుప పెనం, చపాతీ పీట, అప్పడాల కర్ర, జల్లెడ పాపకు వేరుగా ఉండవలసిందే. పూరీలు వేగిన నూనెలో గారెలు వేయకూడదు, గోధుమలు ఆడిన మరలో బియ్యం ఆడించకూడదు. ఇంగువ డబ్బా వెనుక కూడా చదవండి, చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు.

చారుప్రియ: పులిహోర కూడా పోయిందన్నమాట!

పిండిమర: బియ్యప్పిండి కలిపిన ఇంగువ దొరుకుతుంది, పులిహోరకు ఢోకా లేదు.

గోదావరిగట్టు: ఇంగువ సంగతి నేను అడగలేదు. పెనం గురించి చెప్పండి.

పిండిమర: చెప్పాను. తమరు చదవలేదు.

గోదావరిగట్టు: చదివాను. మా మనవడికీ ఇదే జబ్బు. నాకు మధుమేహం, రాత్రిపూట చపాతీ తినమని వైద్యులే చెప్పారు. ఒకనాడు భోజనానికి కూర్చునేసరికి మా ఆవిడ పీట, కర్ర అటకెక్కి ఉన్నాయి. కోడలు నన్ను ఒక్క మాటైనా అడగలేదు.

పిండిమర: మరి ఇంతసేపూ పెనం మీద ఎందుకు వాదించారండీ?

పాలమూరురొట్టె: జొన్నరొట్టెలో గ్లూటెన్ ఉండదు పెద్దాయనా. పిండి మాత్రం గోధుమలు ఆడని మరలో పట్టించుకోండి.

కొత్తపెనం: ఇదంతా మా అత్తగారికి చదివి వినిపించాను. పాత పెనం ఆవిడ చపాతీలకే ఉంచి, పాపకు కొత్తది కొన్నాము. దాని మీద దోసె ఊడి రావడం లేదు.

గోదావరిగట్టు: రాత్రంతా గంజి పోసి ఉంచి, తెల్లవారి కడిగి, ఉల్లిపాయ చెక్కతో నూనె రుద్దమ్మా. నాలుగు రోజులకు దారికొస్తుంది. చపాతీ మాత్రం నేను మానను.